కుక్క విమానం ఎక్కాలంటే ఇన్ని నెలలెందుకు?

అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ గోడల మీదా మెట్ల మీదా కరెంటు స్తంభాల మీదా వేలాడే బోర్డులన్నీ ఒక్కటే మాట చెబుతాయి: ఇక్కడ నేర్చుకో, అక్కడికి వెళ్లు. ఇక్కడి హాస్టళ్లలో ఉండి కోర్సు పూర్తిచేసుకుని డాలస్‌కో న్యూజెర్సీకో లండన్‌కో వెళ్లినవాళ్లు లేని తెలుగు ఊరు అరుదు. ఒకప్పుడు వెళ్లేది పెళ్లికాని కుర్రాడు. ఇప్పుడు సంసారాలకు సంసారాలే కదులుతున్నాయి. ఆ సంసారంలో పెంపుడు కుక్క కూడా ఒకరు.

వీసా స్టాంపింగ్ అయిపోతే మనుషులకు మిగిలేది టికెట్లు కొనుక్కోవడం, సామాన్లు సర్దుకోవడం. కుక్కకు అలా కుదరదు. అమెరికాకైతే కనీసం రెండు నెలలు, ఇంగ్లండుకైతే నాలుగు, జపాన్‌కైతే ఏడు నెలలు ముందునుంచే పని మొదలుపెట్టాలి. ఎవరితో చెప్పించినా, ఎంత ఖర్చుపెట్టినా ఈ గడువు తగ్గదు. ఆఫీసులవాళ్లు కావాలని తిప్పుతున్నారని చాలామంది విసుక్కుంటారు. నిజానికి ఈ తేదీల్లో ముఖ్యమైనవన్నీ ఒక వైరస్ స్వభావాన్ని బట్టి పుట్టినవే. ఆ వైరస్ రేబిస్.

పంజాగుట్ట ద్వారకాపురి కాలనీలో ఒక కుటుంబం ఉందనుకుందాం. భార్యాభర్తలు, ఏడేళ్ల పాప, రెండేళ్ల కిందట సందు చివర దొరికితే తెచ్చి పెంచుకున్న నాటు కుక్క. భర్తకు డాలస్‌లో ఉద్యోగం వచ్చింది. కుటుంబం ఊహించుకున్నదే. వాళ్లు దాటాల్సిన మెట్లు, వాటి వెనకున్న కారణాలు మాత్రం అచ్చంగా నిజం.

నరాల దారిలో నడిచే వైరస్

రేబిస్ మిగతా జబ్బుల్లా నెత్తురులో తిరగదు. పిచ్చి కుక్క కరిచినప్పుడు దాని లాలాజలంతో కండలోకి దిగిన వైరస్ అక్కడ కొన్నాళ్లు ఉండిపోతుంది. తర్వాత కండకూ నరానికీ కలిసే చోట నరం కొసను పట్టుకుని లోపలికి చొరబడుతుంది. అక్కడినుంచి వెన్నుపాము మీదుగా మెదడు వైపు, రోజుకు కొన్ని సెంటీమీటర్లకు మించని వేగంతో ప్రయాణిస్తుంది. కాలి మీద కరిస్తే దారి పొడవు, ముఖం మీద కరిస్తే దారి దగ్గర. అందుకే జబ్బు బయటపడటానికి పట్టే సమయం ఒక్కో కేసులో ఒక్కోలా ఉంటుంది. మనుషుల్లో సాధారణంగా రెండు మూడు నెలలు. వారం నుంచి ఏడాది వరకూ కూడా ఉండవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కుక్కల్లో ఎక్కువగా మూడు వారాల నుంచి మూడు నెలల లోపు బయటపడుతుంది. అరుదుగా అంతకంటే ఆలస్యమవుతుంది.

ఈ మధ్యకాలంలో కుక్క మామూలుగానే తింటుంది, ఆడుతుంది, తోక ఊపుతుంది. వైరస్ నరాల లోపల దాక్కుని ఉంటుంది కాబట్టి శరీరంలోని రక్షణ వ్యవస్థకు దాని ఆనవాలు దాదాపు అందదు. నెత్తురు పరీక్షలో దొరకదు. రేబిస్‌ను తిరుగులేకుండా నిర్ధారించాలంటే చనిపోయిన జంతువు మెదడు కణజాలాన్ని పరీక్షించాలి. బతికున్న, ఆరోగ్యంగా కనిపిస్తున్న కుక్కను చూసి దాని ఒంట్లో ఈ వైరస్ ఉందో లేదో చెప్పగల పరీక్ష ఇప్పటివరకూ లేదు. లక్షణాలు బయటపడ్డాక మనిషికైనా కుక్కకైనా బతికే ఆశ దాదాపు శూన్యం.

కుక్క ప్రయాణపు నియమాలన్నీ ఈ చిక్కులోంచే పుట్టాయి. వచ్చే కుక్క విషయంలో పరాయి దేశం తేల్చుకోవాల్సిన ప్రశ్నలు రెండు. ఒకటి, ఇకమీదట దీనికి రేబిస్ సోకకుండా రక్షణ ఉందా? దీనికి నెత్తురు పరీక్ష జవాబు చెబుతుంది. రెండోది, ఇప్పటికే ఒంట్లో వైరస్ ఉందా? దీనికి జవాబు చెప్పగలిగింది కాలం ఒక్కటే. నెలల తరబడి ఆగితే, ఉన్న వైరస్ బయటపడుతుంది. బయటపడకపోతే లేదని నమ్మవచ్చు.

ముందు చిప్పు, ఆ తర్వాతే టీకా

మన ద్వారకాపురి కుటుంబం వెటర్నరీ డాక్టరు దగ్గరికి వెళ్లగానే మొదటి చిక్కు ఎదురవుతుంది. "డాక్టరుగారూ, దీనికి టీకాలన్నీ వేళకు వేయించామండీ, ఇదిగో బుక్కు" అంటారు. డాక్టరు బుక్కు తిరగేసి అడిగే మొదటి మాట: "చిప్పు ఎప్పుడు వేయించారమ్మా?"

హైదరాబాద్‌లో ఎక్కువ కుక్కలకు టీకా ఉంటుంది, చిప్పు ఉండదు. అమెరికా, యూరప్ నియమాల ప్రకారం చిప్పు వేశాక వేసిన టీకాయే లెక్కలోకి వస్తుంది. టీకా వేసిన రోజున ఆ కుక్క ఇదేనని నిరూపించేది చిప్పే కాబట్టి. అది లేకపోతే బుక్కులో రాసిన టీకా ఏ కుక్కకు వేసిందో ఎవరూ చెప్పలేరు.

చిప్పు బియ్యపు గింజంత ఉంటుంది. గాజు గొట్టంలో చిన్న రాగి తీగచుట్ట, దానికి అతికిన ఎలక్ట్రానిక్ ముక్క, అంతే. బ్యాటరీ ఉండదు. కుక్క ఎక్కడుందో చెప్పే శక్తీ దానికి లేదు. సూదితో భుజాల మధ్య చర్మం కింద పెడతారు. స్కానర్ దగ్గరికి తెస్తే అది వదిలే 134.2 కిలోహెర్ట్జ్ రేడియో తరంగాల నుంచే చిప్పు శక్తి తీసుకుని తన 15 అంకెల సంఖ్యను తిరిగి పంపుతుంది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ దీనికి రెండు ప్రమాణాలు పెట్టింది: ఐఎస్ఓ 11784, 11785. వాటికి సరిపోని చిప్పు అయితే అవతలి దేశపు స్కానర్ చదవలేకపోవచ్చు.

డాక్టరు స్కానర్‌ను కుక్క మెడ వెనక నెమ్మదిగా కదుపుతాడు. బీప్ మోగుతుంది. తెర మీద పదిహేను అంకెలు వస్తాయి. ఆయన పైకి చదువుతుంటే అసిస్టెంటు రాసుకుంటుంది, తిరిగి ఆమె చదివితే ఆయన సరిచూస్తాడు. ఈ సంఖ్యే టీకా సర్టిఫికెట్ మీద, నెత్తురు గొట్టం మీద, ల్యాబు రిపోర్టు మీద, ప్రభుత్వ ధ్రువపత్రం మీద ఉండాలి. ఎక్కడైనా ఒక్క అంకె తేడా వస్తే ఆ కాగితం మరో కుక్కదని లెక్క. నెలల శ్రమ మళ్లీ మొదటికి వస్తుంది.

చిప్పు పడ్డాక రేబిస్ టీకా. కుక్కకు కనీసం పన్నెండు వారాల వయసు ఉండాలి. తల్లిపాలతో వచ్చిన రక్షణ అంతకంటే చిన్న పిల్లల్లో టీకాకు అడ్డుపడవచ్చు. టీకాలో ఉండేది చంపేసిన రేబిస్ వైరస్. జబ్బు తేలేదు, రక్షణ వ్యవస్థకు మాత్రం శత్రువు ముఖం చూపిస్తుంది. ఈ టీకా తయారీలో మన నగరానికి గట్టి పేరుంది. 1982లో జాతీయ పాడిపరిశ్రమాభివృద్ధి మండలి స్థాపించిన ఇండియన్ ఇమ్యునలాజికల్స్ కంపెనీ ఇక్కడిదే. కుక్కలకు వేసే రక్షారాబ్, మనుషులకు వేసే అభయ్‌రాబ్ దాని టీకాలే. పెద్దవాళ్లకు బొడ్డు చుట్టూ పొడిచే పద్నాలుగు ఇంజక్షన్లు ఇంకా గుర్తుండే ఉంటాయి. గొర్రె మెదడులో పెంచిన వైరస్‌తో తయారయ్యే ఆ పాత టీకాను డేవిడ్ సెంపుల్ 1911లో కసౌలిలో రూపొందించాడు. అందులోని మెదడు కణజాలం వల్ల కొందరికి పక్షవాతం లాంటి ప్రమాదాలు వచ్చేవి. మన దేశం ఇరవై ఏళ్ల కిందట దాన్ని పూర్తిగా మానేసి, ప్రయోగశాలలో కణాల మీద పెంచిన వైరస్‌తో చేసే టీకాలకు మారింది.

నెత్తురులో 0.5 కోసం వేట

టీకా వేసిన ముప్పై రోజుల తర్వాత గానీ నెత్తురు తీయకూడదు. దీనికీ కారణం ఉంది. టీకా పడ్డాక ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) వెంటనే పుట్టవు. మొదటి వారాల్లో పుట్టేవి అంత నికరంగా పనిచేయవు. నాలుగు నుంచి ఆరు వారాల మధ్య వాటి స్థాయి బాగా పెరిగి, ఆపైన మెల్లగా తగ్గుతుంది. ముందే తీస్తే అవి చాలక కుక్క పరీక్ష తప్పవచ్చు. ఒక్క టీకాయే వేసి చాలాకాలం ఆగి తీసినా తప్పవచ్చు. మొదటిసారి టీకా వేసిన చిన్న కుక్కల్లో తప్పే అవకాశం ఇంకా ఎక్కువ. అందుకే అనుభవమున్న డాక్టర్లు వీలుంటే బూస్టర్ వేసి, దాని తర్వాత నెత్తురు తీస్తారు.

ముందరి కాలి నరం నుంచి కొద్ది మిల్లీలీటర్ల నెత్తురు తీసి, గడ్డకట్టనిచ్చి, యంత్రంలో గిరగిర తిప్పితే పైన లేత పసుపు రంగు సీరం తేలుతుంది. దాన్ని చల్లగా భద్రపరచి, ఆయా దేశాలు గుర్తించిన ప్రయోగశాలకు పంపాలి. ఏ ల్యాబు రిపోర్టు పడితే అది చెల్లదు.

అక్కడ జరిగే పరీక్ష చూడముచ్చటైనది. ఫ్రాన్స్‌లోని నాన్సీలో ఫ్లోరెన్స్ క్లికే బృందం 1998లో ప్రచురించిన పద్ధతి ఇది. దీన్ని ఎఫ్‌ఏవీఎన్ అంటారు. తొంభై ఆరు చిన్న గుంటలున్న ప్లాస్టిక్ పలకలో సీరంను మూడింతలు, తొమ్మిదింతలు, ఇరవై ఏడింతలు అలా పలచన చేసుకుంటూ పోస్తారు. ప్రతి గుంటలోనూ బతికున్న రేబిస్ వైరస్‌ను నిర్ణీత మోతాదులో కలుపుతారు. సీరంలో ప్రతిరక్షకాలుంటే అవి వైరస్‌ను పట్టేస్తాయి. గంట తర్వాత అందులో హ్యామ్‌స్టర్ అనే ఎలుకజాతి జంతువు కిడ్నీ కణాలను వేసి నలభై ఎనిమిది గంటలు వెచ్చగా ఉంచుతారు. తప్పించుకున్న వైరస్ ఏదైనా ఉంటే ఆ కణాల్లోకి దూరి పెరుగుతుంది. చివరగా రేబిస్‌కు మాత్రమే అతుక్కునే మెరిసే రంగు పోసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. ఆకుపచ్చగా మెరిసిన గుంటలో వైరస్ గెలిచింది. చీకటిగా ఉన్న గుంటలో కుక్క గెలిచింది. ఎంత పలచన చేసినా చీకటి నిలిస్తే రక్షణ అంత గట్టిది. దాన్ని ప్రామాణిక సీరంతో పోల్చి అంకె వేస్తారు. మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే పాస్.

తప్పినంత మాత్రాన ఆ కుక్కకు రక్షణ అస్సలు లేదని కాదు. రక్షణ వ్యవస్థ జ్ఞాపకం ఇంకా ఉండవచ్చు. కానీ జ్ఞాపకాన్ని పలకలో కొలవలేరు, ప్రతిరక్షకాన్ని కొలవగలరు. కొలవగలిగిన దాన్నే దేశాలు నమ్ముతాయి.

వట్టి టీకా సర్టిఫికెట్‌ను ఎందుకు నమ్మరన్నదానికి 2021 జూన్‌లో జరిగిన ఒక సంఘటనే సాక్ష్యం. అజర్‌బైజాన్ నుంచి 33 కుక్కలు, ఒక పిల్లి షికాగో విమానాశ్రయంలో దిగాయి. కుక్కలన్నిటికీ రేబిస్ టీకా కాగితాలున్నాయి. కొద్ది రోజుల్లోనే పెన్సిల్వేనియా చేరిన ఒక కుక్కకు రేబిస్ బయటపడింది. దానితో కలిసి ప్రయాణించిన వాటిని వేర్వేరు రాష్ట్రాల్లో వెతికి పట్టుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాది జులై 14న అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ, రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల నుంచి కుక్కల రాకను తాత్కాలికంగా ఆపేసింది. 2024 ఆగస్టు 1 నుంచి ఇప్పటి నియమాలు అమల్లోకి వచ్చాయి. కుక్కల రేబిస్‌ను తమ గడ్డ మీద నిర్మూలించామని 2007లో ప్రకటించుకున్న దేశం, దాన్ని మళ్లీ లోపలికి రానివ్వకూడదనుకోవడంలో వింతేమీ లేదు.

ఎన్నాళ్లు ఆగితే చాలు?

ఇక్కడ దేశాలు ఒక్కమాట మీద లేవు. ఎంత ముప్పును భరించగలమన్నదాన్ని బట్టి ఎవరి లెక్క వారిది. మన దేశం నుంచి వెళ్లే కుక్కకు నెత్తురు తీసిన రోజు నుంచి కనీసం 28 రోజులు ఆగాలని అమెరికా అంటుంది. యూరప్, బ్రిటన్ మూడు నెలలంటాయి. 1957 నుంచి రేబిస్ లేని జపాన్ 180 రోజులు పూర్తి కావాలంటుంది. ఆస్ట్రేలియా మన దేశం నుంచి కుక్కను నేరుగా రానివ్వనే రానివ్వదు. ముందు తాను ఆమోదించిన మరో దేశానికి చేర్చి, అక్కడినుంచి తీసుకురావాలి. బ్రిటన్ ఒకప్పుడు విదేశీ కుక్కలన్నిటినీ ఆరు నెలలు క్వారంటైన్‌లో ఉంచేది. నెత్తురు పరీక్ష మీద నమ్మకం కుదిరాక 2000 నుంచి కొన్ని దేశాలకు ఆ షరతు తీసేసింది. భారత్ వంటి దేశాల కుక్కలకు 2012 దాకా తప్పలేదు. ఇప్పుడు అదే నిరీక్షణ మన ఇంట్లోనే, మన మంచం కిందే గడిచిపోతోంది. సైన్సు వల్ల కుక్కకు దక్కిన మేలు ఇది.

ప్రయాణం దగ్గర పడ్డాక చివరి మెట్లు. అమెరికా వ్యవసాయ శాఖ మరో పరాన్నజీవి గురించి అడుగుతుంది. పుండుకు పురుగులు పట్టడం మన పల్లెల్లో పశువులున్న ప్రతి ఇంటికీ తెలుసు. ఒక రకం ఈగ పుండు మీద గుడ్లు పెడితే, వాటి పిల్లలు బతికున్న కండనే తింటాయి. దీన్ని స్క్రూవార్మ్ అంటారు. ప్రయాణానికి ముందు అయిదు రోజుల లోపు కుక్కను తల నుంచి తోక దాకా పరీక్షించి, ఈ పురుగులు లేవని ధ్రువీకరించాలి. బ్రిటన్ వెళ్లే కుక్కకైతే, దిగే సమయానికి 24 గంటల ముందు నుంచి 120 గంటల ముందు లోపల బద్దెపురుగుల మందు వేయాలి. తర్వాత కేంద్ర ప్రభుత్వపు యానిమల్ క్వారంటైన్ విభాగం హైదరాబాద్ కార్యాలయంలో కుక్కనూ కాగితాలనూ చూపించి ఎగుమతి ధ్రువపత్రం తీసుకోవాలి.

బోనులో పద్దెనిమిది గంటలు

ఇక విమానం. కుక్కను లగేజీలో పడేస్తారన్న భయం చాలామందికి ఉంది. జంతువులను పెట్టే అరలోనూ ప్రయాణికుల క్యాబిన్‌లో ఉన్నంత గాలి ఒత్తిడే ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున్న కొండ మీద ఉన్నట్టు. ఉష్ణోగ్రతనూ అదుపులో ఉంచుతారు.

బోను కొలతలకు అంతర్జాతీయ విమానయాన సంఘం ఐఏటీఏ లెక్క చెబుతుంది. ముక్కు నుంచి తోక మొదలు దాకా పొడవుకు, నేల నుంచి మోచేతి దాకా ఎత్తులో సగం కలిపితే బోను పొడవు. భుజాల వెడల్పుకు రెట్టింపు బోను వెడల్పు. నిలబడ్డప్పుడు తల గానీ చెవి కొస గానీ ఏది పైన ఉంటే అంత, దానికి పరుపు మందం కలిపితే ఎత్తు. మన కుక్క పొడవు 70 సెంటీమీటర్లు, మోచేయి ఎత్తు 35, భుజాలు 20, చెవుల దాకా 60 ఉన్నాయనుకుంటే బోను కనీసం 87.5 పొడవు, 40 వెడల్పు, 60 మీద పరుపంత ఎత్తు ఉండాలి. నాటు కుక్క చెవులు నిక్కబొడుచుకుని ఉంటాయి కాబట్టి చెవి కొస కొలవడం మరిచిపోకూడదు.

నిద్రమందు ఇచ్చి పంపితే హాయిగా పడుకుంటుంది కదా అని అడిగేవాళ్లున్నారు. ఆ పని చేయకూడదు. మందు రక్తపోటును తగ్గిస్తుంది, ఒంటి వేడిని అదుపు చేసుకునే శక్తినీ నిలకడనూ దెబ్బతీస్తుంది. పైన చూసుకోవడానికి డాక్టరు ఉండడు. కెనడాలో బీగిల్ కుక్కల మీద చేసి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, మత్తుమందు ఇచ్చినా ఒత్తిడి తగ్గలేదని తేలింది. గుండె వేగం బాగా పెరిగింది బోనును ఎక్కించేటప్పుడూ దించేటప్పుడూ. అంటే కుక్కను కలవరపెట్టేది గాల్లో ఉండటం కంటే చప్పుళ్లు, కుదుపులు, కొత్త మనుషులు. దానికి మందు అలవాటే. రెండు మూడు నెలల ముందే బోను తెచ్చి హాల్లో తలుపు తీసి ఉంచి, అందులోనే అన్నం పెట్టి, అందులోనే పడుకోబెడితే అది దానికి ఇల్లయిపోతుంది. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో గ్రెగరీ బర్న్స్ బృందం కుక్కల మెదళ్లను స్కాన్ చేసినప్పుడు, తమకు తెలిసిన మనిషి వాసనకు మెదడులో సంతోషానికి సంబంధించిన భాగం అన్నిటికంటే ఎక్కువగా స్పందించింది. పాప తొడిగి విడిచిన, ఉతకని చొక్కా ఒకటి బోనులో వేయడం అందుకే మంచిది.

పగ్, బుల్‌డాగ్ వంటి ముక్కు చప్పిడి జాతులను పెంచేవాళ్లు మాత్రం మరింత జాగ్రత్తగా ఉండాలి. కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక, ముక్కు లోపలి తడి ఆవిరవడం వల్లే అది చల్లబడుతుంది. ముక్కు పొట్టిదైతే ఆ తడి తలం తక్కువ, గాలి దారి ఇరుకు. అయిదేళ్లలో విమానాల్లో చనిపోయిన జాతి కుక్కల్లో దాదాపు సగం ఇలాంటివేనని అమెరికా రవాణా శాఖ 2010లో వెల్లడించింది. మన మే నెల ఎండలో వీటిని ప్రయాణానికి పెట్టకూడదు.

అమెరికాలో దిగాక కూడా కుక్క నేరుగా ఇంటికి రాదు. మన దేశంలో టీకా వేయించుకున్న కుక్కను సీడీసీ నమోదు చేసిన సంరక్షణ కేంద్రంలో పరీక్షించి, చిప్పు సరిచూసి, అమెరికా టీకా మరోసారి వేస్తారు. ఇలాంటి కేంద్రాలు న్యూయార్క్, వాషింగ్టన్, అట్లాంటా, లాస్ ఏంజెలెస్ వంటి కొద్ది చోట్లే ఉన్నాయి. డాలస్‌లో ఇల్లు తీసుకున్న మన కుటుంబం వాటిలో ఒకదానికి ముందుగానే బుక్ చేసుకుని, కుక్కను ఆ నగరంలోనే దించుకోవాలి.

సందులో మిగిలినవాటి మాట

ఇంత శ్రద్ధగా పెంచిన కుక్కకు ఇన్ని పరీక్షలెందుకు? దాని తప్పేమీ లేదు. అది పుట్టిన దేశంలో రేబిస్ ఇంకా తిరుగుతోంది. ప్రపంచంలో ఏటా 59,000 మంది రేబిస్‌తో చనిపోతున్నారని అంచనా. అందులో మూడో వంతుకు పైగా మన దేశంలోనే. మనుషులకు సోకే కేసుల్లో 99 శాతం కుక్కకాటు వల్లే. కరిపించుకునేవాళ్లలో పదిమందికి నలుగురు పదిహేనేళ్ల లోపు పిల్లలే. ద్వారకాపురి కుక్క నిరీక్షణకు కారణం ఆ అపార్ట్‌మెంట్‌లో లేదు, కింద సందులో ఉంది. అదే సందులో దాని తోబుట్టువులూ ఉన్నాయి.

ఇది మార్చలేని పరిస్థితి కాదు. రేబిస్ సోకిన ఒక కుక్క నుంచి సగటున ఒకటి రెండు కుక్కలకే అది అంటుకుంటుంది. తట్టుతో పోలిస్తే ఇది చాలా తక్కువ. అందుకే ఒక ప్రాంతంలోని కుక్కల్లో 70 శాతానికి ఏటా టీకా వేస్తే వైరస్‌కు తర్వాతి కుక్క దొరకక గొలుసు తెగిపోతుంది. కుక్కల ఆయుష్షు తక్కువ, కొత్త పిల్లలు ఎప్పటికప్పుడు పుడుతుంటాయి కాబట్టి ఒక్కసారి వేసి ఊరుకుంటే సరిపోదు. గోవా ఈ పని చేసి చూపించింది. ఊరూరా వలలు పట్టుకుని తిరిగి వీధి కుక్కలకు టీకాలు వేశారు, బళ్లలో పిల్లలకు చెప్పారు, అనుమానాస్పద కేసులను వెంటాడారు. కుక్కల్లో నెలవారీ రేబిస్ కేసులు 92 శాతం తగ్గాయని 2022లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో ప్రచురించారు. మెక్సికో దేశమంతటా ఇదే చేసి, కుక్కల ద్వారా మనుషులకు సోకే రేబిస్‌ను అరికట్టిన తొలి దేశంగా 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందింది. మన కేంద్ర ప్రభుత్వమూ 2030 లక్ష్యంగా 2021లో కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది.

టీకా మన నగరంలో తయారవుతోంది. దాన్ని వేసే చేతులు మన నగరంలో ఉన్నాయి. ఆపరేషన్ చేసి, టీకా వేసి, చెవి కొస కత్తిరించి వదిలిన కుక్కలు పంజాగుట్ట సందుల్లో కనిపిస్తూనే ఉన్నాయి. ఆ గుర్తు లేనివి ఎక్కడెక్కడున్నాయో మున్సిపాలిటీ సిబ్బంది కంటే ఆ సందువాళ్లకే బాగా తెలుసు. రోజూ మిగిలిన అన్నం పెట్టే ఇంటివాళ్లు పిలిస్తే ఆ కుక్కలు వస్తాయి. టీకా బృందానికి ఆ ఇంటివాళ్లు తోడుంటే పని సగం తేలికవుతుంది. కరిచినప్పుడు ఏం చేయాలో కూడా ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి: పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీటితో గాయాన్ని కడగాలి. పసుపూ కారమూ పెట్టకూడదు. అదే రోజు ఆస్పత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి.

కుక్కను విదేశానికి తీసుకెళ్లడానికి ఒక కుటుంబం లక్షలు ఖర్చుపెడుతుంది. అందులో అతి చిన్న భాగంతో ఆ సందులోని కుక్కలన్నిటికీ టీకా వేయించవచ్చు. తమ కుక్కకు బూస్టర్ వేయించే రోజునే డాక్టరును ఒక గంట సందులోకి పిలిపించుకుంటే చాలు. వెళ్లిపోయేవాళ్లు అలా చేసి వెళితే, ఆ సందులో బడికి వెళ్లే పిల్లలు క్షేమంగా ఉంటారు. ప్రతి సందూ అలా చేస్తే, ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలోంచి మన పేరు తీసేయక తప్పని రోజు వస్తుంది.